వాన అడవులు చూసి వచ్చాను, మా గుట్ట సంగతి తేల్చండి

ఈ సంగతి మీద నేను అర్జీ ఇవ్వని ఆఫీసు లేదు. మండలంలో ఇచ్చాను, కళ్యాణదుర్గంలో ఇచ్చాను, అనంతపురంలో సోమవారం వరుసలో నిలబడి ఇచ్చాను. ఒకాయన నా అర్జీని చదవకుండానే టీ గ్లాసు కింద పెట్టుకున్నాడు. ఇంకొకాయన నన్ను చూసి "మళ్ళీ నువ్వేనా" అన్నాడు. బదిలీ అయి వెళ్ళిపోయేదాకా ప్రతిసారీ అదే మాట అన్నాడు, ఒక్కసారీ కూర్చోమనలేదు. జవాబు మాత్రం ఇప్పటిదాకా ఎవరూ ఇవ్వలేదు. అర్జీలు ఎవరూ చదవరని అర్థమైంది కాబట్టి ఈసారి యాత్ర రాస్తున్నాను. యాత్రలైతే జనం చివరిదాకా చదువుతారట.

సంగతి ఇది. మా ఊరు కంబదూరుకు దగ్గర. ఊరికి పడమట ఒక గుట్ట ఉంది. చిగర చెట్లు, తంగేడు, రేగు పొదలు, కలివి పొదలు, రాళ్ళ సందుల్లో గడ్డి. ఎండాకాలంలో చూస్తే మొత్తం కాలిపోయినట్టు ఉంటుంది. ఒక్క మంచి వాన పడితే వారం తిరక్కుండా పచ్చబడుతుంది. ఊరి గొర్రెలన్నీ, నావి కూడా, దాని మీదే బతుకుతాయి. శెనక్కాయ పంట పోయిన ఏడు ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ గొర్రెల వల్లే. పంట పోని ఏడు మాకు ఎప్పుడో గాని రాదు.

పోయిన ఏడాది బెంగళూరు నుంచి ఒక ట్రస్టు వాళ్ళు వచ్చారు. ఈ గుట్ట ఉత్త బీడు అన్నారు. దీన్ని శుభ్రం చేసి ఇక్కడ వర్షవనం పెంచుతామన్నారు. అడవి దట్టంగా పెరిగితే వానలు వాటంతట అవే వస్తాయట. బడి ముందు షామియానా వేసి సభ పెట్టారు. నేను లేచి, ఉన్న చెట్లు పీకి కొత్తవి పెట్టడమేమిటి, ఇక్కడ ఆ చెట్లు బతకవు అన్నాను. వేదిక మీదున్న అధికారి మైకు దగ్గరికి లాక్కుని అడిగాడు.

"పెద్దాయనా, నువ్వెప్పుడైనా వాన అడవి చూసినావా? చూడకుండా ఎట్లా మాట్లాడతావు?"

అందరూ నవ్వారు. పక్కనే కూర్చున్న నా సొంత తోడల్లుడు రామాంజి కూడా నవ్వాడు. ఆ అధికారి పేరు ఇక్కడ రాయను. ఆయనకు తెలుసు.

చూడలేదు కాబట్టి చూసి రావాలనుకున్నాను. పొట్టేళ్ళను అమ్మకానికి తోలుతుంటే మా ఇంటామె నాగమ్మ గేటుకు అడ్డం నిలబడింది.

"ఏమయ్యా, ఆ యప్ప ఒక మాటంటే పొట్టేళ్ళు అమ్ముతాండావా? నేను చీర అడిగితే మాత్రం గొర్రె ఈననీ అంటివి."

ధర్మవరంలో నాకు సత్యనారాయణ అనే స్నేహితుడు ఉన్నాడు. పట్టుచీరలు నేయించి అమ్మే ఇల్లు. అందరికీ సత్తెన్న. ఏటా మలేషియా వెళ్ళి అక్కడి తెలుగు, తమిళ కుటుంబాలకు చీరలు అమ్మి వస్తాడు. విషయం చెబితే గట్టిగా నవ్వాడు.

"వాన అడవి చూసినావా అంటే విమానం ఎక్కుతాండావు. సముద్రం లోతు కొలిచినావా అనింటే ఏం చేస్తుంటివప్పా? సరే, నాతో రా. ఆడ కావాల్సినంత అడవి ఉండాది."

ముందు మన పక్క ఉన్న ఆగుంబె అడవి చూడాలని నేనే పట్టుబట్టాను. లేకపోతే ఇంటిపక్కది వదిలి సముద్రం దాటాడని మళ్ళీ నవ్వుతారు.

గుమ్మఘట్టలో టీ

బస్సు మారడానికి గుమ్మఘట్టలో దిగాను. బెంచీ మీద సగం మంది తెలుగు, సగం మంది కన్నడం మాట్లాడుతున్నారు. నాకు కాగితం కప్పులో టీ ఇచ్చి, మిగిలిన అందరికీ గాజు గ్లాసుల్లో ఇచ్చాడు కొట్టాయన.

"యాడికన్నా ప్రయాణం?"

"ఆగుంబెకు."

"ఏం పని?"

"వాన చూసేకి."

అతను బెంచీ మీదివాళ్ళ వైపు తిరిగి కన్నడంలో, ఈయనకు తల కెట్టిదె, అంటే తల చెడింది, అన్నాడు. సరిహద్దులో పుట్టినవాడికి కన్నడం రాదని ఎట్లా అనుకున్నాడో. దుడ్లు చేతిలో పెడుతూ కన్నడంలోనే చెప్పాను: నా తల బాగానే ఉంది, చెడింది నీ టీ. బెంచీ మొత్తం నవ్వింది. అతను మాత్రం నవ్వలేదు. నాకు అదే కావాలి.

చిత్రదుర్గం దాకా నేల మాదే. అవే రాళ్ళు, అవే తుమ్మలు, విత్తనం కోసం దున్ని వానకు నోరు తెరిచిన అవే చేలు. శివమొగ్గ దాటాక చెట్లు పెద్దవయ్యాయి. తీర్థహళ్ళి దాటాక కిటికీ రెక్క దించమని కండక్టరు అరిచాడు. నేను దించలేదు. చొక్కా తడిసింది. ఆషాఢం ముగుస్తున్నా మా ఊళ్ళో ఇంకా ఒక్క పదును వాన పడలేదు. పదును అంటే విత్తనం వేయడానికి సరిపడా నేల తడవడం. వాన వెలియగానే మేం చేలోకి వెళ్ళి వేళ్ళతో మట్టి తవ్వి, తడి ఎంత లోతు దిగిందో చూస్తాం. ఆ బస్సులో నా చొక్కాకు దిగిన తడి మా చేనుకు దిగి ఉంటే నేను అప్పుడే వెనక్కి తిరిగి విత్తనం వేసేవాడిని.

ఆగుంబె

దిగింది గణపయ్య అనే వక్కతోట రైతు ఇంట్లో. పెద్ద పెంకుటిల్లు, యాత్రికులకు ఒక గది అద్దెకిస్తారు. ఆ గదికి రెండు రాత్రులకు అడిగిన డబ్బుతో మా సంతలో ఒక గొర్రెపిల్ల వస్తుంది. పరుపు చల్లగా, తడిగా ఉంది. అడిగితే, తడి కాదు, ఈ కాలంలో అంతే అన్నాడు. అక్కడ ఎవరినడిగినా దేనికైనా అదే జవాబు.

బట్టలు ఎండలో ఆరవు. నీళ్ళు కాచే పొయ్యి మీద దండెం కట్టి పొగలో ఆరబెడతారు. అందరి చొక్కాలూ పొగ వాసనే. మా ఊళ్ళో దండెం ఈ కొసన తడి పంచె వేసి ఆ కొసకు వచ్చేలోగా సగం ఆరిపోతుంది.

రాత్రి భోజనంలో చేమాకుల్లో పిండి చుట్టి ఆవిరికి ఉడికించిన పత్రొడె, బియ్యపు రొట్టె, పిందె మామిడికాయల ఊరగాయ పెట్టారు. ఊరగాయ అద్భుతంగా ఉంది, ఆ మాట ఒప్పుకోవాలి. సగం తిన్నానో లేదో, కప్పు మీద వాన మొదలైంది. మా ఊళ్ళో చినుకు శబ్దం వింటే తింటున్నవాడు కూడా లేస్తాడు, ఇంట్లో ఉన్న పాత్రలన్నీ చూరు కిందికి పోతాయి. నేను కూడా లేచాను. ఎంగిలి చేత్తోనే, వసారాలో బోర్లించి ఉన్న ఇత్తడి బిందెలు, గంగాళాలు, బకెట్లు అన్నీ వరుసగా చూరు కింద పెట్టాను. గణపయ్య భార్య పరుగున వచ్చి తలపట్టుకుంది.

"అయ్యో, ఏం చేస్తున్నారండీ? అవి ఆరడానికి నాకు ఇన్ని రోజులు పట్టింది."

గణపయ్య నవ్వి నవ్వి దగ్గాడు. తర్వాత వచ్చిన పక్కింటివాళ్ళకూ నా ఎదుటే చెప్పాడు. మర్నాడు పాలవాడికీ చెప్పాడు. పాలవాడు నన్ను చూడడానికి లోపలికి వచ్చాడు. నీళ్ళు వృథా పోతుంటే పాత్ర పెట్టినవాడు పిచ్చివాడు ఎట్లా అవుతాడో నాకు ఇప్పటికీ తెలియదు.

తెల్లారి తోట చూపించాడు. ప్రతి వక్కగెలకూ ప్లాస్టిక్ టోపీ కట్టి ఉంది. వాన తగిలితే కుళ్ళు రోగం వచ్చి కాయంతా రాలిపోతుందట. మనుషులు ఆ సన్నటి చెట్లెక్కి ఒక్కొక్క గెలకూ టోపీ కడతారు. మా ఊళ్ళో పంటకు వాన తగలకుండా టోపీ కట్టేవాడిని ఆస్పత్రికి తీసుకుపోతారు.

"ఈ కుళ్ళుకు నష్టపరిహారం ఇమ్మని ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు," అన్నాడు గణపయ్య. "ఒక్కరూ పలకలేదు."

ఆ మాటకు నాకు ఆయన మీదున్న కోపం కొంత తగ్గింది. మా సంగతి చెప్పాను. విని, "మీకు ఎండబెట్టుకోవడానికి ఎండైనా ఉంది కదండీ," అన్నాడు. తగ్గిన కోపం మళ్ళీ వచ్చింది.

అడవిలోకి వెళ్ళే ముందు కాళ్ళకు సున్నం, పొగాకు కలిపి పూశాడు, జలగలకు. అయినా పట్టాయి. లోపల పట్టపగలే మసక చీకటి. చెట్టు మీద చెట్టు, దాని మీద నాచు, నాచు మీద ఇంకో మొక్క. వాన ఆగాక కూడా ఆకుల మీది నీళ్ళు కారుతూనే ఉన్నాయి. నాకు అసూయ కలగలేదని చెబితే అబద్ధం.

"ఏడాదంతా ఇట్లానే పడుతుందా?" అని అడిగాను.

"ఎక్కడిది? సంక్రాంతి దాటితే ఎండాకాలం పోయేదాకా చుక్క ఉండదు. మా బావి అడుగు కనబడుతుంది."

"మరి ఈ చెట్లు?"

"ఓర్చుకుంటాయి. ఓర్చుకున్నవే మిగిలాయి."

నేను ఒక చెట్టు కింద కూర్చుని ఆకులు పక్కకు తోసి తవ్వాను. చేతికి అలవాటు. ఇన్ని చెట్లు నిలబడ్డ నేలలో నల్లమట్టి మోకాలి లోతు ఉంటుందనుకున్నాను. రెండు వేళ్ళ మందం కుళ్ళిన ఆకు. దాని కింద ఎర్రమట్టి. మా చేనులో ఉన్నట్టే, గులకరాళ్ళతో సహా. చోటు బాగాలేదేమోనని ఇంకొక చోట తవ్వాను. అక్కడా అంతే. గణపయ్యను అడిగితే, "చెట్లది చెట్లే తింటాయి, నేలలో ఏముంది?" అనేసి ముందుకు నడిచాడు.

కౌలాలంపూర్

ఆగుంబె నుంచి ఇంటికి రాకుండానే బెంగళూరు వెళ్ళి సత్తెన్నతో విమానం ఎక్కాను. దిగిన విమానాశ్రయంలో నన్నొక్కడినే పక్కకు పిలిచి, ఏం పని మీద వచ్చావని అడిగారు. అడవి చూడడానికి అన్నాను. ఎవరి తరఫున అన్నారు. నా తరఫున అన్నాను. సత్తెన్న వచ్చి చీరల సంచి తెరిచి చూపించి ఏదో చెబితే వదిలారు. అప్పటినుంచి అందరికీ నన్ను చీరలు మడతపెట్టే మనిషిగానే పరిచయం చేశాడు. అదేమంటే, "నీ కథ చెబితే ఇద్దరినీ వెనక్కి తోలుతారు, ఊరికే ఉండన్నా," అన్నాడు.

తిండికి ఇబ్బంది లేదు. కొబ్బరిపాలలో వండిన అన్నం, ఎర్రకారం, వేయించిన చిన్నచేపలు, అరటాకులో పొట్లం కట్టి ఇస్తారు. పొద్దున్నే అదే తింటారు. మన పరోటా లాంటిదాన్ని గాలిలో ఎగరేసి కాలుస్తారు. టీని ఒక లోటాలోంచి ఇంకో లోటాలోకి ఎత్తి పోస్తారు. గాజు గ్లాసులోనే ఇచ్చారు. మూడు పూటలా వేరుశనగ గింజలు, మా శెనక్కాయలే, కనబడ్డాయి, అన్నంలో, పచ్చడిలో, మాంసం పులుసులో. ఇవి ఎక్కడివని కొట్టువాడిని అడిగితే తెలియదన్నాడు. పండించినవాడిని ఏ దేశంలోనూ ఎవరూ అడగరు.

చీరలు అమ్మే హాలులో అప్పలసామి గారు పరిచయమయ్యారు. కోడలితో వచ్చారు. ఎస్టేటులో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దాయన. వాళ్ళ తాత ఉత్తరాంధ్ర నుంచి ఓడెక్కి కూలీకి వచ్చాడట. ఆయన తెలుగు నాకు సగమే అర్థమైంది, నాది ఆయనకు అంతకన్నా తక్కువ.

"ఏటి బాబూ, ఉండాది, పోతాండాది అంటన్నారు. ఇది ఏ ఊరి తెలుగూ?" అని కోడలితో కలిసి నవ్వారు. తాత కాలంలోనే దేశం దాటిన ఇంటి మనిషి నా తెలుగుకు వంకపెట్టాడు. కానీ అడవికి పోవాలనగానే, "నా కారుంది, నేను తీసుకెళ్తాను లా," అన్నారు. మాట చివర 'లా' అనడం అక్కడి అలవాటు. నేను డబ్బులిస్తానంటే కోపం తెచ్చుకున్నారు. అందుకని తెలుగు సంగతి మనసులో పెట్టుకోలేదు, ఇక్కడ రాస్తున్నానంతే.

పహాంగ్ అడవి

పహాంగ్ రాష్ట్రంలో నది అవతల ఉంది ఆ పెద్ద అడవి. పడవలో దాటాలి. ఆగుంబె అడవి ముందు నిలబడితే చెట్టు కనబడుతుంది. ఇక్కడ మాను మాత్రమే కనబడుతుంది, కొమ్మలు పైన ఎక్కడో ఉన్నాయని గైడు చెబితే నమ్మాలి. ఒక చెట్టుకు పైన తేనెపట్లు నల్లగా వేలాడుతున్నాయి. చూడబోయి వెనక్కి పడ్డాను. అప్పలసామి గారు లేపుతూ, "ఇంతా సేసి ఆకాశం సూడ్డానికి వొచ్చీసినారా," అన్నారు.

ఇక్కడ ఎండాకాలమనేది లేదు. ఏ నెలైనా సాయంత్రానికి వాన పడవచ్చు. ఆగుంబె చెట్టు ఏటా కరువు చూసి, ఏటా తన కాలానికి పూస్తుంది. ఇక్కడి పెద్ద చెట్లకు ఏటా పూసే అలవాటే లేదు. కొన్నేళ్ళు ఊరికే ఉండి, ఒక ఏడు అన్నీ ఒక్కసారే పూసి ఒక్కసారే కాస్తాయట. కడుపునిండా ఉన్నవాళ్ళ పద్ధతి అది. నాలుగు వారాలు వాన ఆలస్యమైతే ఇక్కడి లేత మొక్కలు వాడిపోతాయని గైడు చెప్పాడు. అది విని నేను నిలబడిపోయాను. మా గుట్ట మీదికి తెస్తామని ట్రస్టు వాళ్ళు సభలో చూపించిన మొక్కల ఫొటోల్లో ఇలాంటివి ఉన్నాయి. మా ఊళ్ళో నాలుగు వారాలు వాన రాకపోవడాన్ని ఆలస్యం అనరు.

గైడు ముందు నడుస్తుంటే నేను వెనక కూర్చుని తవ్వాను. ఇక్కడ ఆకు పొర ఇంకా పలుచన. దాని కింద పసుపు కలిసిన ఎర్రమట్టి, బంకగా. గైడు వెనక్కి తిరిగి చూసి, ఇక్కడ ఏమీ తవ్వకూడదు, తీసుకుపోకూడదు అని అరిచాడు. నేనేం దొంగిలిస్తాను, మట్టినా? మట్టి మా దగ్గర ఇంతకన్నా ఎక్కువే ఉంది. ఈ మాట అతనికి చెప్పమంటే అప్పలసామి గారు చెప్పలేదు.

పడవ మీది హోటలు

నదికి ఇవతలి ఊళ్ళో హోటళ్ళు నది మీదే తేలుతుంటాయి. ఆ సాయంత్రం మా బల్ల దగ్గరే లూసియా అనే ఆమె కూర్చుంది. బ్రెజిల్ నుంచి వచ్చిన నర్సు. అడవులంటే ఇష్టమట, వాళ్ళ దేశపు అడవి చూసి ఇప్పుడు ఇక్కడికి వచ్చింది. ఫోనులో ఆమె మాట్లాడితే అది ఇంగ్లీషులో పలుకుతుంది, అప్పలసామి గారు నాకు తెలుగులో చెబుతారు. మూడు భాషలు దాటి వచ్చేసరికి అన్నం చల్లారింది.

వాళ్ళ అమెజాన్ అడవిలో కొన్ని చోట్ల నది పొంగి నెలల తరబడి చెట్ల మధ్యే నిలబడుతుందట. చేపలు చెట్ల నుంచి రాలిన పండ్లు తింటాయట. అప్పలసామి గారు ఈ మాట రెండుసార్లు అడిగి నిర్ధారించుకున్నారు. ఆగుంబెలో వాన కాలం వేరు, ఎండ కాలం వేరు. పహాంగ్‌లో రెండూ కలిసే ఉంటాయి. అమెజాన్‌లో నదే అడవిలోకి వచ్చి కాపురం పెడుతుంది. వాన అడవి అంటే ఒకటే వస్తువని, సంచిలో వేసుకొచ్చి ఎక్కడంటే అక్కడ పాతవచ్చని నా ముందు చెప్పినవాళ్ళకు ఇందులో ఏది కావాలో?

మీ ఊళ్ళో ఎలాంటి అడవి అని లూసియా అడిగింది. అడవి కాదు, బీడు అన్నాను. ఆ మాట నా నోటితో నేనే అన్నాను, అలవాటై. ఫోనులో గుట్ట ఫొటో చూపించాను, చైత్రంలో తీసింది, ఆకు లేని చిగర చెట్లు, రాళ్ళు, గొర్రెలు. ఆమె ఫోను లాక్కున్నంత పని చేసి చాలాసేపు చూసింది. తర్వాత తన ఫోనులో ఒక ఫొటో తీసి పక్కన పెట్టింది. ఆకు లేని చెట్లు, ముళ్ళు, నాగజెముడు లాంటివి, ఎర్రనేల, మేకలు. వాళ్ళమ్మ పుట్టిన ఊరట, బ్రెజిల్లో ఈశాన్యాన.

"కరువు సీమట," అన్నారు అప్పలసామి గారు. "ఆకు రాలితే మానులన్నీ తెల్లగా కనబడతాయి. దాన్ని తెల్ల అడివి అంటారట."

"అడవి అంటారా? ముళ్ళ పొదలనా?"

మళ్ళీ అడిగించాను. లూసియా తల ఊపి నెమ్మదిగా చెప్పింది. అప్పలసామి గారు తెలుగులో చెప్పేసరికి ఆయన గొంతూ నెమ్మదించింది.

"అక్కడ ఎప్పుడో ఉన్న మనుషులు పెట్టిన పేరట. ఈ ముక్క ఇనండి. ఎండినట్టు కనబడతాది గాని సావదు, ఊపిరి బిగబట్టుకుంటాది అని వాళ్ళమ్మ సెప్పీదట. పైనుంచి వొచ్చినోళ్ళు మాత్రం ఖాళీ నేల అన్నారట. ఖాళీ అన్నాక ఎవులికి కావాలంటే ఆళ్ళు కొట్టీసినారు."

పుట్టినప్పటినుంచి ఆ గుట్ట మీద తిరిగాను. ఎన్ని అర్జీలు రాశానో, అన్నింట్లో 'సదరు బీడు గుట్ట' అనే రాశాను. ఆఫీసువాళ్ళ మాటనే రాస్తే వాళ్ళకు అర్థమవుతుందనుకున్నాను. భూగోళం అవతలి నుంచి వచ్చిన నర్సు ఒక్క ఫొటో చూసి దాన్ని అడవి అంది.

అప్పలసామి గారి ఎస్టేటు

తిరుగు దారిలో ఆయన కారు ఆపి చూపించారు. కనుచూపు మేర నూనెతాటి చెట్లు, వరుసలు వరుసలుగా, కింద ఏ మొక్కా లేదు. పిట్ట కూత లేదు.

"మా తాత ఇక్కడ అడివి కొట్టినాడు. మా అయ్య రబ్బరు పాలు తీసినాడు. నేను ఈ గెలలు కోసినాను. అడివి కొట్టిన కూలీ మాది, నేల మాత్రం మాది కాదు బాబూ."

"నేల ఎట్లా ఉండేది?"

"మొదట్లో ఏం ఏపు. తాత ఒట్టు పెట్టి సెప్పీవోడు, కర్ర గుచ్చితే సిగురేసీదని. ఆకు పొర కొట్టుకుపోయినాక ఎరువు బస్తా నేకపోతే నిలబడదు. అప్పటి నించి బస్తాలే."

దిగి తవ్వాను. ఇక్కడ ఎవరూ అరవలేదు. పైపొర అసలు లేదు, నేరుగా ఎర్రమట్టి, గట్టిగా. మూడు చోట్లా నేలది ఒకే మాట. వాన అడవిని మోసేది మట్టి కాదు. రాలిన ఆకును వదలకుండా పట్టుకున్న పాత చెట్లే మోస్తున్నాయి. వాటిని తీసేస్తే కింద ఉండేది కంబదూరే. మరి కంబదూరులో ఉన్న కాస్త పొరనూ పట్టుకుని ఉన్న చెట్లను తీసేస్తే కింద ఏముంటుంది?

విమానంలో ఇదంతా సత్తెన్నకు చెప్పాను. విన్నాడు. చీరలు బాగా అమ్ముడుపోయాయి కాబట్టి ఓపికగానే విన్నాడు.

"నువ్వు చెప్పేది కరెక్టే అన్నా. అయితే ఎవరికి చెప్తావు?"

ఇల్లు

కంబదూరు బస్సు దిగి ఊళ్ళోకి నడుస్తుంటేనే తెలిసింది. పడమటి వైపు ఆకాశం ఎక్కువ కనబడుతోంది. గుట్ట పడమటి వాలు మొత్తం యంత్రంతో గీకేశారు. చిగర చెట్లు వేళ్ళతో సహా ఒక పక్క కుప్ప పోసి ఉన్నాయి. తవ్విన గుంతల్లో పెద్దాకుల మొక్కలు, ఒక్కొక్క దానికీ కర్ర కట్టి. పక్కన ట్యాంకరు నిలబడి పైపుతో నీళ్ళు పోస్తోంది. మా వీధికి ట్యాంకరు వారానికి ఒక్కసారి వస్తుంది, అదీ వస్తే.

గుట్ట కింద కుర్చీ వేసుకుని రామాంజి కూర్చున్నాడు. ఒంటి మీద కాపలాదారు చొక్కా.

"ఏమప్పా, ఎప్పుడు జరిగింది ఇదంతా?"

"నువ్వు పోయిన వారానికే సభ పెట్టినారన్నా. అడ్డం చెప్పేటోళ్ళు ఎవురూ లేకపాయిరి."

"నువ్వుంటివి కదా."

"నాకు నెల జీతం ఇస్తామనిరి. ఇద్దరు పిల్లలు చదువుకుంటాండారు, ఏం జెయ్యల్ల?" చొక్కా గుండీలు సర్దుకున్నాడు. "నువ్వు ఊర్లో ఉండింటే ఆపుతుంటివి. నువ్వేమో వాన చూసేకి పోతివి."

నేను ఊళ్ళో లేని వారం చూసి సభ పెట్టారు. అది ఎవరి తెలివో నాకు తెలుసు. ఇంట్లో నాగమ్మ మంచినీళ్ళు ఇచ్చింది. గొర్రెలు దొడ్లోనే ఉన్నాయి. పడమటి వాలు పోయాక తూర్పు వాలు మీద ఊరి మందలన్నీ పడుతున్నాయని, రెండు రోజుల కింద మేత కోసం కొట్లాటైందని చెప్పింది. కాయ తెంపగా మిగిలిన ఎండు శెనక్కట్టెను మేతగా కొని వేస్తోంది. "అమ్మిన పొట్టేళ్ళు పోగా మిగిలినవి కూడా అమ్మాలేమో," అని మాత్రం అంది.

మర్నాడు పడమటి వాలు మీద వేళ్ళతో తవ్వాను. పైపొర లేదు. నేరుగా ఎర్రమట్టి, గట్టిగా. ఆ మట్టి నేను అంతకు ముందే చూశాను, సముద్రం అవతల. పెద్దాకుల మొక్కల్లో కొన్ని అప్పుడే అంచులు మాడుతున్నాయి. రామాంజి కుర్చీలోంచి లేచి, ముట్టుకోవద్దన్నా, నన్ను అడుగుతారు అన్నాడు. నేను ముట్టుకోలేదు.

తూర్పు వాలు ఇంకా మిగిలి ఉంది. దసరా దాటాక యంత్రం మళ్ళీ వస్తుందని రామాంజే చెప్పాడు. ఈసారి నేను ఎక్కడికీ వెళ్ళను. అర్జీ కూడా ఇవ్వను. ఇక్కడే అడుగుతున్నాను, చదివినవాళ్ళలో ఎవరైనా ఆ అధికారికి, ఆ ట్రస్టు వాళ్ళకు చేర్చండి. వచ్చే వేసవిలో ఊరికి ఒక్క ట్యాంకరే వస్తే ఆ నీళ్ళు మీ మొక్కలకా, మాకా? తూర్పు వాలు కూడా గీకితే ఇన్ని మందలు ఎక్కడ మేయాలి? ఎండలో ఊపిరి బిగబట్టుకుని బతికేదాన్ని బీడు అని రాసింది ఎవరు, ఎప్పుడు ఆ గుట్ట ఎక్కి చూసి రాశారు?

పొద్దున ఎండ ఎక్కినప్పటి నుంచి పొద్దు వాలేదాకా నేను తూర్పు వాలు మీద గొర్రెలతోనే ఉంటాను. జవాబు తెచ్చేవాళ్ళు అక్కడికి నడిచి రావాలి.